వంతెన మీద మూడో పలక

"తప్పు ఒప్పుకుని, స్టాల్ విప్పేసుకుని వెళ్లిపోండి. పోలీసుల దాకా పోకుండా నేను చూసుకుంటా," అంటున్నాడు సెక్యూరిటీ చీఫ్, నేను తలుపు తోసేసరికి.

అది ఎక్స్‌పో హాలు వెనక ఉన్న సామాన్ల గది. అట్టతో చేసిన వీడియో గేముల హీరోలు కత్తులతో, తుపాకులతో గోడకు జారగిలబడి ఉన్నారు. వాళ్ల మధ్య ఒక అట్టపెట్టె మీద తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు. అక్క మాత్రం నిలబడే ఉంది.

"పిన్నిగారూ!" అంది నన్ను చూడగానే. పొద్దున్నుంచి బిగబట్టుకున్న ఏడుపు ఆ ఒక్క మాటతో బయటికొచ్చేసింది.

చీఫ్ నా వైపు తిరిగాడు. మెడలో ఎప్పుడూ ఒక విజిల్ వేలాడుతూ ఉంటుంది కాబట్టి వెనకాల అందరూ ఆయన్ని విజిల్ అనే అంటారు. "ఓహో, డిటెక్టివ్ గారా! ఇక్కడ ఎవరి భర్తా ఎవరితోనూ పారిపోలేదు మేడమ్. అడ్రసు తప్పినట్టున్నారు."

"భర్తలకి ఇవాళ సెలవిచ్చాను చీఫ్ గారూ. వీళ్లిద్దరూ నా మనుషులు. ఏం చేశారు?"

"దొంగతనం."

"ఏం పోయింది?"

"ఆట పోయింది. మొత్తం ఆట." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఎదురు స్టాల్ వాళ్లది రెండొందల మంది పనిచేసే కంపెనీ. ఇవాళ సాయంత్రం స్టేజీ మీద వాళ్ల కొత్త ఆట ప్రకటిస్తారు. లాంతరు పట్టుకుని ఒకమ్మాయి కొండలు దాటుతుంది. పొద్దున హాలు తలుపులు తీసేసరికి ఈ అక్కాతమ్ముళ్ల స్టాల్లోనూ అదే ఆట! అదే లాంతరు, అదే వంతెన. కమిటీ వాళ్లు నన్ను పిలిచారు. కంపెనీ డైరెక్టర్ రెండేళ్ల కిందటి బొమ్మలు కూడా చూపించాడు."

"బొమ్మల మీద తేదీ వెయ్యడానికి ఎంతసేపు?"

"మేడమ్, రెండొందల మంది ఉన్న ఆఫీసు, ఒక గదిలో ఉన్న ఇద్దరి దగ్గర కాపీ కొడుతుందా? మీరే చెప్పండి."

"రెండొందల మందికి జీతాలివ్వాలంటే తొందరగా ఏదో ఒకటి అమ్మాలి కదా. ఈ ఇద్దరికైతే ఆ తొందర లేదు."

విజిల్ కుర్చీలోంచి లేచాడు. "స్టేజీ ప్రోగ్రామ్ మొదలయ్యేలోపు కమిటీకి నేను మాట చెప్పాలి. అప్పటిదాకా వీళ్లు ఈ గది దాటకూడదని డైరెక్టర్ అడిగాడు. తాళం నా దగ్గరే ఉంటుంది."

కాపీగాళ్లు అన్న ముద్ర ఒక్కసారి పడితే ఈ ఇద్దరి ఆటను ఏ కంపెనీ కొనదు, ఏ ఎక్స్‌పో లోపలికి రానివ్వదు. వాళ్ల నాలుగేళ్ల కష్టం అట్టహీరోల పక్కన పారేసిన సామానవుతుంది. నేనది చూస్తూ ఊరుకోలేను. కారణం మా నాన్న కుడిచెయ్యి.

నాన్న టైపు మాస్టారు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వేళ్లతోనే బతికిన మనిషి, ఆ వేళ్లు కదలకపోయేసరికి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఫిజియో అబ్బాయి రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే విసిరికొట్టాడు. అప్పుడు మా మేడ మీద గదిలో అద్దెకున్న ఈ కుర్రాడు కిందికి దిగొచ్చి, నాన్న ఒళ్లో తమ ఆట కంట్రోలర్ పెట్టి, "మాస్టారూ, మా పిల్ల వంతెన మీద ఇరుక్కుపోయింది. కాస్త దాటిస్తారా?" అన్నాడు. మూడో రోజున నాన్న బొటనవేలు కదిలింది. తెర మీద లాంతరు పిల్ల ఒక్క అడుగు వేసింది. నేను వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను.

ఆ తర్వాత ఫిజియో అబ్బాయి బంతి పక్కన పెట్టేశాడు. రోజూ సాయంత్రం వచ్చి నాన్న పక్కనే కూర్చుని, "ఇంకొక్క మెట్టు మాస్టారూ" అంటూ ఆ ఆటతోనే కసరత్తు చేయించేవాడు. ఇప్పుడు నాన్న సంతకం పెడతాడు, షర్టు గుండీలు తనే పెట్టుకుంటాడు. అక్క, తమ్ముడు, ఫిజియో. ఈ ముగ్గురి గురించి తలుచుకోకుండా నేను ఏ రాత్రీ నిద్రపోలేదు.

"ఏడవకు," అన్నాను అక్కతో. "ఇవాళ నా వంతు."

*

అక్కాతమ్ముళ్ల స్టాల్ అంటే ఒక బల్ల, ఒక స్క్రీన్, రెండు కంట్రోలర్లు, వెనక అక్క చేత్తో రంగులేసిన గుడ్డ తెర. అంతే. ఎదురు స్టాల్లో గోడంత స్క్రీను, దాని ముందు తాళ్లు కట్టిన క్యూ, మెడలో పాసులతో నిలబడ్డ జనం. ఒక్కొక్కరూ ఆడేసి వెళ్లగానే ఒకమ్మాయి కంట్రోలర్ తుడిచి తర్వాతివాళ్లకి అందిస్తోంది. మూలన కెమెరా. అక్కడ ఆడేదంతా ఇళ్లలో ఉన్నవాళ్లకి లైవ్‌లో పోతోంది.

నేను ఆ క్యూ పక్కన నిలబడి కాసేపు చూశాను. బొమ్మలు మారాయి. అమ్మాయి జుట్టు మారింది, కొండలకి రంగు మారింది. వంతెన మాత్రం అదే. దాని మీద ఒకచోట ఎర్రజెండా పాతి ఉంది. ఆడేవాళ్లు అక్కడికి రాగానే కంట్రోలర్లు తుడిచే అమ్మాయి, "జెండా దగ్గర దూకండి, దూకండి!" అని అరుస్తోంది. అందరూ దూకుతున్నారు.

డైరెక్టర్ చూడ్డానికి మర్యాదస్తుడే. నల్లకోటు, మెత్తని మాట.

"పాపం, పిల్లలు," అన్నాడు. "కేసులవీ వద్దన్నది నేనే."

"మంచి మనసండీ మీది. వాళ్ల ఆట మీరు ఎప్పుడు చూశారు?"

"ఇవాళ పొద్దున. అదీ దూరం నుంచి."

"ఎవరి దగ్గరైనా, ఎప్పుడైనా ఆడారా?"

"ఒక్కసారి కూడా లేదు."

"అలాగైతే తేడా ఎలా తెలుస్తుంది సార్? ఒక్క ఐదు నిమిషాలు ఆడి, మీ ఆటలోంచి ఏమేం తీశారో చీఫ్ గారికి చూపించండి. కమిటీకి చెప్పాల్సింది ఆయనే కదా."

నా వెంటే వచ్చిన విజిల్ నన్ను అనుమానంగా చూశాడు. "ఏంటి మీ నాటకం?"

"నాటకమేముంది? మీ వైపు సాక్ష్యమే ఇంకొంచెం గట్టి చేస్తున్నాను."

డైరెక్టర్ నవ్వి, వచ్చి అక్కాతమ్ముళ్ల బల్ల ముందు కూర్చున్నాడు. ఎదుటివాళ్ల ముందు ఆడి చూపించమంటే కాదనే మనిషి కాదని ఆ కంట్రోలర్ అందుకున్న తీరులోనే తెలిసింది. లాంతరు పిల్ల గుడిసె దాటింది, మెట్లెక్కింది. "ఇదిగో, ఈ గాలి శబ్దం మాది. ఈ నీడ మాది," అని చెబుతూనే ఉన్నాడు. ఆయన కళ్లు విజిల్ మీదున్నాయి, వేళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

వంతెన వచ్చింది. ఒక పలక, రెండో పలక. మూడో పలక దగ్గర ఆయన బొటనవేలు టక్కున పడింది. పిల్ల గాల్లోకి లేచి నాలుగో పలక మీద దిగింది.

అలా దూకడం నేను మా ఇంట్లో వందసార్లు చూశాను.

"ఎందుకు దూకారు సార్?"

"ఎక్కడ?"

"ఇప్పుడే. అక్కడ గొయ్యి లేదు, ముల్లు లేదు, జెండా కూడా లేదు."

ఆయన వేళ్లు ఆగాయి. ఒక్క క్షణమే. "మా ఆటలో అక్కడ దూకాలి. అలవాటులో దూకేశాను. చూశారా చీఫ్ గారూ, అంత అచ్చుగుద్దినట్టు దించేశారు!"

"చూశాను," అన్నాడు విజిల్ నా వైపు చూసి. "సాక్ష్యం గట్టిపడింది మేడమ్. థాంక్స్."

"ఇంకో ఐదు నిమిషాలు ఇవ్వండి. అప్పుడు ఇద్దురుగాని థాంక్సు."

*

సామాన్ల గదిలో తమ్ముడు అదే పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. విజిల్ తాళం తీసి గుమ్మంలోనే నిలబడ్డాడు, నేను వాళ్లని కిటికీలోంచి దాటించేస్తానన్నట్టు.

"వంతెన మీద మూడో పలక," అన్నాను. "మా నాన్న అక్కడ ఎప్పుడూ దూకుతాడు. ఎందుకని అడిగితే, కాలు పెడితే ఆట చచ్చిపోతుందమ్మా అన్నాడు. నిజమేనా?"

తమ్ముడు సిగ్గుపడ్డాడు. "అది పాత కాపీలో తప్పు పిన్నిగారూ. అక్కడ కాలు పెడితే ఆట మొత్తం ఆగిపోయేది. బాగుచేసి ఏడాది దాటింది."

"వీడు బాగుచేసినా నా వేలు మాత్రం అక్కడ ఇంకా దూకుతుంది," అంది అక్క. "ఆ పాత కాపీతో కుస్తీ పట్టిన వాళ్లందరం అంతే."

"ఆ పాత కాపీ ఎంతమందికి ఇచ్చారు?"

"ఆడి చూసి చెప్పమని తెలిసినవాళ్లకి. ఓ ఏడెనిమిది మందికి."

"ఆట ఆగిపోయాక ఏమవుతుంది?"

"తెర నల్లబడుతుంది. ఎవరైనా విసుక్కుని ఆపేసి మళ్లీ మొదలెడతారు." అతను కాస్త తటపటాయించాడు. "నిజానికి అప్పుడు ఆపకూడదు. తప్పు ఎక్కడ జరిగిందో అది లోపల రాసుకుంటూ ఉంటుంది. ఓ నిమిషం పడుతుంది. ఆ తర్వాత ఒక మాట కనిపిస్తుంది. నేనే రాసి పెట్టాను."

"ఏం మాట?"

"థాంక్స్ అని." చెవులు ఎర్రబడ్డాయి. "తప్పు నాది, చిరాకు వాళ్లకి. పోనీ థాంక్సయినా చెబుదామని. ఎవరూ చూసుండరు లెండి. అంత ఓపిక ఎవరికుంటుంది?"

"ఏంట్రా, నాక్కూడా చెప్పలేదు!" అంది అక్క.

"నువ్వు నిమిషం ఆగే మనిషివా అక్కా? రెండో సెకనుకి ప్లగ్గు పీకేస్తావు."

నేను విజిల్ వైపు తిరిగాను. "వీళ్లు ఈ గదిలోకి ఎప్పుడు వచ్చారు?"

"హాలు తెరిచిన కాసేపటికే. అప్పట్నుంచి గుమ్మం దాటలేదు. బాత్రూమ్‌కి వెళ్లినా నా మనిషి వెంట ఉన్నాడు."

"చాలా సంతోషం చీఫ్ గారూ. మీరు వీళ్లని బంధించినందుకు నేను జన్మలో మర్చిపోను."

ఆయనకి అర్థం కాలేదు. అర్థం కాకపోయినా వెంటే నడిచాడు.

*

ఎదురు స్టాల్లో నేను కంట్రోలర్ అందుకోగానే డైరెక్టర్ దగ్గరికొచ్చాడు. "మీరూ ఆడతారా మేడమ్?"

"కొత్త ఆటలు ముందుగా ఆడి చూడ్డానికే కదండీ ఇంత జనం వచ్చింది."

గోడంత తెర మీద వాళ్ల లాంతరు పిల్ల నడిచింది. నాకు ఆడటం పెద్దగా రాదు. రెండుసార్లు మెట్ల మీంచి పడిపోతే క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎలాగో వంతెన చేరాను. ఎర్రజెండా కనిపించింది.

"దూకండి, జెండా దగ్గర దూకండి!" అంది కంట్రోలర్లు తుడిచే అమ్మాయి.

నేను దూకలేదు. మూడో పలక మీద కాలు పెట్టాను.

తెర నల్లబడింది.

క్యూలో గోల మొదలైంది. "ఏమీ లేదు, చిన్న సమస్య," అంటూ డైరెక్టర్ ఆ అమ్మాయికి సైగ చేశాడు. "ఆపి మళ్లీ ఆన్ చెయ్యి. తొందరగా."

"ఆపొద్దు." నేను మెషీన్‌కి అడ్డంగా నిలబడ్డాను.

"ఇదేం పద్ధతి? లైవ్ పోతోంది! చీఫ్ గారూ, ఈవిడని బయటికి పంపండి."

విజిల్ ముందుకొచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "మేడమ్, నడవండి."

"ఒక్క నిమిషం చీఫ్ గారూ. నేను తప్పయితే ఆ ఇద్దరితో పాటు నన్ను కూడా గేటు బయట పెట్టండి. రేపట్నుంచి మీరు నన్ను ఏమన్నా పడతాను."

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత డైరెక్టర్ మొహంలోకి చూశాడు. అక్కడ చెమట పట్టింది. ఏసీ హాల్లో.

"చిన్న సమస్యే అన్నారుగా సార్," అన్నాడు విజిల్ నెమ్మదిగా. "ఒక్క నిమిషానికి ఏమైపోతుంది?" నా చెయ్యి వదిలేసి, వచ్చి నా పక్కనే మెషీన్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

అంత పొడుగు నిమిషం నేను ఎప్పుడూ చూడలేదు. డైరెక్టర్ ఒకసారి వైరు వైపు వంగబోతే విజిల్ తన బూటు దాని మీద పెట్టాడు. క్యూలో ఎవరో చప్పట్లు కొట్టారు, ఇంకెవరో "సినిమా అయిపోయిందా?" అన్నారు.

అప్పుడు నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు మెల్లగా వచ్చాయి.

*థాంక్స్ మాస్టారూ. వంతెన మీద ఆట ఆగిపోయింది మీ వేలు కదలక కాదు. తప్పు నాది. మీ వేలు బాగానే కదిలింది. కాసేపు రెస్ట్ తీసుకుని మళ్లీ రండి. మేడ మీద కుర్రాడు.*

క్యూలో జనం దాన్ని పైకే చదివారు.

నాకు మాత్రం రెండేళ్లు ఒక్కసారిగా అర్థమయ్యాయి. కొత్త కాపీ ఇస్తామంటే నాన్న ఎందుకు వద్దన్నాడో. రోజూ దూకే మనిషి, చెయ్యి మొరాయించిన రోజుల్లో మాత్రం కావాలని ఆ పలక మీదే ఎందుకు కాలు పెట్టేవాడో. నల్లబడ్డ తెర ముందు అంతసేపు ఎందుకు కూర్చునేవాడో. ఆ వేలికి తొందరగా ఆపేసే బలం లేదు. అందుకే ఆ మాట ఆయనకి కనిపించింది. అందరికంటే నెమ్మదైన చేతికే ఆ థాంక్స్ అందింది.

"హ్యాకింగ్!" అని అరిచాడు డైరెక్టర్. "వాళ్లే మా మెషీన్లోకి దూరి..."

"వాళ్లు పొద్దున్నుంచి నా గదిలో ఉన్నారు సార్," అన్నాడు విజిల్. మెడలో విజిల్ పక్కనే వేలాడుతున్న తాళంచెవి ఎత్తి చూపించాడు. "బయటి నుంచి తాళం వేసింది నేను. మీరు అడిగారని."

ఆయన మనిషి వెళ్లి అక్కాతమ్ముళ్లని తీసుకొచ్చాడు. అక్క తెర మీద మాట చదివి తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచి, అదే చేత్తో దగ్గరికి లాక్కుంది. విజిల్ వాళ్ల ముందు ఏం చెయ్యాలో తెలియక గొంతు సవరించుకున్నాడు.

"ఏమనుకోకండి. మీ స్టాల్ తెరుచుకోండి. కమిటీకి నేను చెబుతా." తర్వాత నా వైపు వంగి, "ఆ థాంక్స్ వెనక్కి తీసుకోను మేడమ్. అది మీ దగ్గరే ఉంచుకోండి," అన్నాడు.

"మీ నిమిషానికి కూడా అదే," అన్నాను.

క్యూలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే తాడు దాటి చిన్న స్టాల్ వైపు నడిచారు. నాకు కడుపు నిండిపోయింది.

తమ్ముడు మాత్రం ఇంకా తెర వైపే చూస్తున్నాడు. "పిన్నిగారూ," అన్నాడు గొంతు తగ్గించి. "ఒక్కొక్కరి కాపీలో ఒక్కో మాట రాశాను. ఈ మాట ఉన్నది ఒక్క మాస్టారి కాపీలోనే. అది మీ ఇంట్లోంచి..."

అతను పూర్తి చెయ్యకముందే నేను ఫోన్ తీశాను.

నాన్న వెంటనే ఎత్తాడు. గొంతు హుషారుగా ఉంది. "ఎక్కడున్నావమ్మా? కాఫీ నేనే కలుపుకున్నా, కుడిచేత్తో!"

"నాన్నా, నీ ఆట ఉన్న కంప్యూటర్ నువ్వు కాకుండా ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవరు ముట్టుకుంటారు? మన ఫిజియో అబ్బాయి తప్ప. పాడైపోతే నా కసరత్తు ఆగిపోతుందని అప్పట్లో ఒక కాపీ తీసి దాచాడు. ఎంత ముందుచూపో చూడు! ఇదిగో, ఇవాళ తొందరగా వచ్చేశాడు. టీవీలో మీ ఎక్స్‌పోనే చూస్తున్నాం. ఉండు, ఇస్తాను."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. రెండేళ్లుగా నేను మనసులో దండం పెట్టుకున్న గొంతు, ఎప్పటిలాగే మెత్తగా పలికింది.

"తెర మీద చదివాను మేడమ్. ఇలా ఒక మాట ఉంటుందని నాకు తెలీదు. తెర నల్లబడగానే మాస్టారికి టవల్ తేవడానికి లేచేవాణ్ని." గొంతు ఇంకా తగ్గించాడు. "పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకోలేదు. ఇంకా చదవలేదు. ఆ కాపీ అమ్మింది నేనని మీరు ఎవరికీ చెప్పకపోతే చదవక్కర్లేదు కూడా. ఆయన కుడిచెయ్యి ఇప్పుడు నా చేతిలోనే ఉంది. వేళ్లు పాపం, ఇంకా సున్నితంగానే ఉన్నాయి."

విజిల్ నా మొహం చూశాడు. జేబులోంచి కారు తాళాలు తీశాడు.

ఫోన్లో వెనక నుంచి నాన్న గొంతు వినిపించింది, నవ్వుతూ.

"అమ్మాయ్! అబ్బాయికి థాంక్స్ చెప్పావా?"

"థాంక్స్," అన్నాను ఫోన్లో, విజిల్ వెనకాలే గేటు వైపు పరిగెడుతూ.